జియోటెక్‌లో ఎంటెక్ తీసుకోవచ్చా, మళ్ళీ గేట్ రాయాలా?

వేళచేరి_కుర్రాడు: చెన్నైలో జియోటెక్ (సివిల్‌లో మట్టి, పునాదుల విభాగం) సీటు వచ్చేలా ఉంది, స్ట్రక్చర్స్‌కి స్కోరు చాలదు. నాన్న మళ్ళీ గేట్ రాయమంటున్నారు. ల్యాబ్ పని ఎక్కువా, సాఫ్ట్‌వేరా? ఉద్యోగాలెలా ఉన్నాయి? స్టైపెండ్ 12,400తో తరమణిలో రూమ్ తీసుకుని బతకొచ్చా?

గోదారమ్మాయి: ల్యాబే తమ్ముడూ. బరువు కింద మట్టి ఎంత కుంగుతుందో చూసే కన్సాలిడేషన్ టెస్ట్ మొదలుపెడితే ఒక్కో లోడ్ 24 గంటలు ఉంచాలి, తర్వాత రెట్టింపు లోడ్, మళ్ళీ 24 గంటలు. పావు నిమిషానికి, నిమిషానికి, రెండుంపావుకి, నాలుక్కి కుంగుదల చూపే డయల్ గేజ్ చదువుతూ కూర్చోవాలి. సంక్రాంతికి అందరూ ఊరెళ్తే నేను ల్యాబ్‌లోనే. తీరం దగ్గర బంకమట్టిని రింగ్‌లోకి కోస్తుంటే మధ్యలో గవ్వ ముక్క తగిలి శాంపిల్ చీలిపోతుంది, అప్పుడొచ్చే ఏడుపు చెప్పలేను.

ప్లాక్సిస్_రాజు: ఇదంతా ఎందుకండీ? బోర్ లాగ్‌లో (బోరు తవ్వినప్పటి రికార్డు) ఎన్ వాల్యూ, అంటే సుత్తి దెబ్బల లెక్క ఉంటుంది, కోరిలేషన్ సూత్రాలతో మట్టి బలం చెప్పే సి, ఫై తీసి కంప్యూటర్ మోడల్లో పెట్టడమే. కంపెనీలు అడిగేది సాఫ్ట్‌వేరే.

బోర్‌హోల్_బాబాయి: ఇలాంటి మాటలు వింటే ఒళ్ళు మండుతుంది. ఆ ఎన్ వాల్యూ రావాలంటే 63.5 కిలోల సుత్తి సరిగ్గా 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి, మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి గొట్టం తర్వాతి 30 దిగడానికి పట్టిన దెబ్బలు లెక్కపెట్టాలి. సైటులో సాయంత్రానికి తాడు లాగేవాడు అలిసిపోయి సగం ఎత్తుకే వదిలేస్తాడు. దెబ్బ బలం తగ్గితే దెబ్బల సంఖ్య పెరుగుతుంది, లేని గట్టిదనం కాగితమ్మీదికి ఎక్కుతుంది. దాని మీద మీ మోడలా?

ప్లాక్సిస్_రాజు: దెబ్బల లెక్కని 60 శాతం సుత్తి ఎనర్జీకి సరిచేసే కరెక్షన్ ఉంది కదా, చదువుకోలేదా?

బోర్‌హోల్_బాబాయి: ఆ ఎనర్జీ కొలిచిందెవరు? ఊహించి వేసిన కరెక్షన్ అది. మెత్తటి బంకమట్టిలో ఎన్ 2 వస్తే దాన్నుంచి స్ట్రెంత్ లాగకూడదు, వేన్ షియర్ (రెక్కల కడ్డీని మట్టిలో తిప్పి బలం కొలిచే టెస్ట్) పెట్టాలి. పైల్ (లోతు పునాది) డిజైన్లు చేసి సంతకం పెట్టే పని నాది, తప్పయితే బాధ్యత నా మెడకే చుట్టుకుంటుంది.

మల్లేశ్వరం_మౌనిక: బాబాయి గారూ, మా బెంగళూరులో బాధ వేరు. సొరంగం తవ్వుతుంటే ఎదురుగా తవ్వే ఒకే ముఖంలో కింద గట్టి రాయి, పైన శిథిలమైన మెత్తటి మట్టి. తవ్వే మెషిన్ కట్టర్లు అరిగిపోతాయి, పైమట్టి జారితే రోడ్డు కుంగుతుంది. అమ్మాయికి మట్టి పనేంటని చుట్టాలంతా అన్నారు. ఇప్పుడు టన్నెల్ డిజైన్ టీమ్‌లో ఉన్నాను, నేల ఎంత కుంగిందో చెప్పే సెటిల్‌మెంట్ రీడింగ్స్ చూడకుండా నా రోజు మొదలవదు. తమ్ముడూ, సీటు వదులుకోకు.

ప్లాక్సిస్_రాజు: టన్నెల్‌కైనా మోడల్ చేసేది సాఫ్ట్‌వేర్‌లోనేగా.

మల్లేశ్వరం_మౌనిక: చేస్తాం. రీడింగ్స్‌తో సరిపోలకపోతే మార్చేది మోడల్నే.

వేళచేరి_కుర్రాడు: అక్కా, థాంక్స్. రూమ్ సంగతి ఎవరైనా చెప్పండి.

గోదారమ్మాయి: హాస్టల్లో ఉంటే సరిపోతుంది. బయటైతే ఇంటి నుంచి డబ్బులు తెప్పించుకోవాల్సిందే.