‘ఇల్లు అమ్మబడును’ అని రాసే మూడోతరంవాడు: ఒక సెన్‌ర్యూ మీద చర్చ

ప్రశ్న: ఎడో కాలపు (1603–1868) జపాన్ సెన్‌ర్యూ (మూడు పాదాల చురక పద్యం) ఇది: ‘ఉరిఇఎతొ / కరయోదెకకు / సన్దైమె’. ‘ఇల్లు అమ్మకానికి అని మనవడు చైనా భాషలో రాశాడు’ అన్న అనువాదం చూశాను. అమ్మకం బోర్డు చైనా భాషలో రాస్తే కొనేవాడికి ఏం తెలుస్తుంది?

జవాబు: భాష జపనీసే. కరయో అంటే చైనా పద్ధతి దస్తూరి. షోగన్ (సైనిక పాలకుడు) కచేరీ కాగితాలకీ, ఊరి బడులకీ అప్పట్లో వాడుక ఒఇఎ-ర్యూ అనే దస్తూరి. అది 14వ శతాబ్దపు సొన్ఎన్ రాకుమారుడి ఒరవడి నుంచి వచ్చింది. గుండ్రంగా, గొలుసుకట్టుగా ఉంటుంది. దుకాణం పద్దులకి అది చాలు. కరయో కన్ఫ్యూషియన్ పండితుల దస్తూరి. చైనా శాసనాల మీద కాగితం అద్ది తీసిన నకళ్లు (నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు) ముందు పెట్టుకుని, కుంచె నిట్టనిలువుగా పట్టి, మోచేయి దేనికీ ఆనకుండా దిద్దాలి. కుంచె వాలితే మొన గీత మధ్యలో నడవదు, ఒక అంచుకి జరిగి గీత పలచబడుతుంది. దీనికి ఏళ్లు పడతాయి, గురువు కావాలి, తీరిక కావాలి. ఎడోలో (ఇప్పటి టోక్యో) కరయో నేర్పిన ఇచికవ బేఅన్ (1779–1858) కన్ఫ్యూషియన్ పండితుడి కొడుకే. కలంపేరులోని ‘బే’ చైనాలో సాంగ్ వంశం కాలపు లిపికారుడు మీ ఫు ఇంటిపేరు. పద్యంలో ఎత్తిపొడుపు అక్కడే ఉంది: మొదటి తరంవాడి సొమ్ము ఎటు పోయిందో బోర్డు మీది అక్షరాలే చెబుతున్నాయి.

ఇంకో జవాబు: దీన్ని తెలుగులోకి తెస్తే వరస చెదరదు. ‘తొ’ మన ‘అని’. ‘దె’ మన ‘తో’. ‘కకు’ ఇక్కడ ‘రాసే’, తర్వాతి నామానికి విశేషణం. ‘ఇల్లు అమ్మబడును అని / చైనా దస్తూరితో రాసే / మూడోతరంవాడు’. ‘రాశాడు’ అని క్రియతో ముగిస్తే మనిషి ముందే బయటపడి చురక చప్పబడుతుంది. లెక్క కూడా అక్షరాల్లో కాదు, మాత్రల్లో చూడండి. ‘యో’కి రెండు, ‘సన్’కి రెండు, ‘దై’కి రెండు: 5-7-5 సరిపోతుంది. ‘తో, దే, మే’ అని దీర్ఘాలు పెట్టి రాసేవాళ్లే ఛందం తప్పిందంటారు.

ప్రశ్న: మరి ‘మనవడు’ అనకూడదా?

జవాబు: అనకపోతేనే మేలు. సన్దైమె అంటే ఆ ఇంటికి మూడో యజమాని. అప్పట్లో వర్తకుల ఇళ్లలో అల్లుణ్ణి దత్తత చేసుకుని ఇంటిపేరు, దుకాణం అప్పగించడం మామూలే; కాబట్టి మూడోవాడు మనవడే కానక్కరలేదు.