విమానయాన భద్రతను పర్యవేక్షించే డీజీసీఏ తన నియంత్రణ వ్యూహాన్ని ప్రకటించవలసిన బాధ్యత చట్టంలో ఉన్నదా?

రేణిగుంట వాసి (ప్రశ్న):
మా అబ్బాయి పెళ్లిళ్లకు డ్రోన్‌తో చిత్రీకరణ చేస్తాడు. విమానాశ్రయ సరిహద్దుకు 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య, పటంలో ఎరుపు, పసుపు గుర్తులు లేనిచోట, 200 అడుగుల ఎత్తు వరకు అనుమతి అక్కరలేదని 2021 డ్రోన్ నిబంధనలలో చదువుకున్నాము. తిరుమల కొండపై ఎగరవేయరాదనీ తెలుసు. నిబంధన అర్థమైంది గాని, దానిని అమలు చేసేవారి ఆలోచన అంతుపట్టలేదు. మొదటి తప్పుకు హెచ్చరికతో వదులుతారా, లక్ష రూపాయల వరకు ఉన్న జరిమానాకే పోతారా, ఈ ఏడాది దేనిమీద ఎక్కువ దృష్టి పెడతారు? ఇవన్నీ ముందుగా రాసి ప్రజల ముందు పెట్టవలసిన విధి డీజీసీఏకు లేదా?

చిత్తూరు న్యాయవాది:
వ్యూహపత్రం అన్న పేరుతో అటువంటి విధి లేదండీ. 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1న అమలులోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ భద్రతా పర్యవేక్షణను డీజీసీఏకు అప్పగించింది గాని, ఆ పనిని ఏ వరుసలో, ఏ తూకంతో చేస్తారో ప్రకటించమనలేదు. డీజీసీఏ జారీచేసే పౌర విమానయాన నియమాలైన సీఏఆర్‌ల ముసాయిదాను 30 రోజులు వెబ్‌సైట్‌లో ఉంచి అభ్యంతరాలు స్వీకరించాలని 1937 విమాన నిబంధనలలోని 133ఏ చెప్పింది. అది నియమం పుట్టుకకు సంబంధించినదే, అమలుకు కాదు. విమానాశ్రయ ఛార్జీలు నిర్ణయించే ఏరా విషయం వేరు. 2008 చట్టంలోని 13(4) సెక్షన్ ప్రకారం ఆ సంస్థ అందరినీ సంప్రదించి, ప్రతి నిర్ణయానికీ కారణాలు రాసి తీరాలి. ఏరా పరిధిలోకి రావడానికి ఉన్న ఏడాదికి 35 లక్షల ప్రయాణికుల కొలతకు మన రేణిగుంట విమానాశ్రయం అందదు గనుక ఆ వెలుగూ మనమీద పడదు, అది మరో బాధ.

తిరుపతి విశ్రాంత ఉద్యోగి:
న్యాయవాది గారి మాటకు చిన్న సవరణ. విధి లేకపోయినా డీజీసీఏ కొంత ప్రకటిస్తూనే ఉన్నది: 2018–22 కాలానికి జాతీయ విమానయాన భద్రతా ప్రణాళిక, వార్షిక తనిఖీల కార్యక్రమం, చర్యలు తీసుకునే విధానంపై ఒక మాన్యువల్. ప్రశ్నించినవారు ముందు ఆ మాన్యువల్ చూడాలి. అయితే అసలు లోటు మినహాయింపుల దగ్గర ఉన్నది. పైలట్ల వారపు విశ్రాంతిని 36 నుండి 48 గంటలకు పెంచుతూ 2024 జనవరిలో సీఏఆర్ ఇచ్చారు. 2025 డిసెంబరులో వందల విమానాలు రద్దయినప్పుడు ఒక సంస్థకు తాత్కాలిక సడలింపు ఇచ్చారు. ఏ పరిస్థితిలో సడలిస్తారో ముందే ప్రకటించి ఉంటే, ఆ సడలింపు సబబో కాదో ఎవరైనా దానితో సరిచూసుకునేవారు. ఏ తేదీన ఎక్కడ తనిఖీ చేస్తారో చెప్పమనడం లేదు; అది చెబితే ఆ ఒక్కరోజుకే అందరూ సర్దుకుంటారు.

చిత్తూరు న్యాయవాది:
ఆ సవరణ సరైనదే. సమాచార హక్కు చట్టం 4(1)(సి), (డి) ప్రజలను ప్రభావితం చేసే విధానాల వాస్తవాలనూ, నిర్ణయాలకు కారణాలనూ వెల్లడించమంటాయి. పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టండి. ‘ఎందుకు’ అని అడగకుండా, డ్రోన్ల విషయంలో హెచ్చరికకూ జరిమానాకూ మధ్య ఎంపికకు వాడే మార్గదర్శకాల నకలు ఇవ్వమనండి. లేని అభిప్రాయాన్ని రాసి ఇవ్వవలసిన పని వారికి లేదు, ఉన్న కాగితాన్ని మాత్రం 30 రోజులలో ఇవ్వాలి.

రేణిగుంట వాసి:
మాన్యువల్ చదివాక, అందులో లేనిదానికే అర్జీ పెడతాను. జవాబు వస్తే ఇక్కడే ఉంచుతాను.