పూసిన పువ్వులన్నీ కాయలవుతాయా: మొక్కలవారి సామెతల మీద ఒక మాట

మొక్కలు పెంచేవారిని నవ్విస్తూనే ఉత్సాహపరిచే సామెతలు తెలుగులో ఏమున్నాయన్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ‘మొక్కై వంగనిది మానై వంగునా’ చుట్టూనే తిరిగాయి. అది పిల్లల పెంపకం గురించి పెద్దలు అనే మాట కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను. చేతికి మట్టి అంటినవారికి పనికివచ్చే సామెతలు వేరే ఉన్నాయని, వాటిలోని హాస్యమైనా ధైర్యమైనా మొక్క స్వభావాన్ని దగ్గరగా గమనించినందువల్లనే పుట్టిందని నా అభిప్రాయం.

‘పూసిన పువ్వులన్నీ కాయలవుతాయా’ అన్నదాన్నే తీసుకోండి. ఆశ తీరనప్పుడు నిట్టూర్పుగా వాడుతున్నాము గాని, హైదరాబాదులో మిద్దె మీద తొలిసారి సొరపాదు పెట్టి, రాలిన పువ్వులను చూసి బెంబేలెత్తేవారికి అది అక్షరాలా ఊరట. సొర, బీర, కాకర పాదుల్లో మగపువ్వులు, ఆడపువ్వులు విడివిడిగా పూస్తాయి. సాధారణంగా ముందు వచ్చేవి మగపువ్వులే కనుక అవి రాలడం తెగులు కాదు. రేకుల కింద నూగుతో కూడిన చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు. ఆ పిందె కూడా పసుపుబారి రాలుతున్నదంటే చాలాసార్లు పుప్పొడి అందలేదనే అర్థం. తేనెటీగలు అంతగా రాని పై అంతస్తుల్లో, సొరపువ్వు విచ్చుకునే సాయంకాలం వేళ మగపువ్వును తుంచి, రేకులు వలిచి, ఆ పుప్పొడిని ఆడపువ్వు నడుమ అద్దితే పిందె నిలిచే అవకాశం పెరుగుతుంది. గుమ్మడికైతే తెల్లవారుతూనే మిద్దె ఎక్కాలి. సామెత కట్టినవారు ‘అన్నీ అవుతాయా’ అని అడిగారే తప్ప ‘ఏవీ కావు’ అనలేదు.

‘తీగకు కాయ బరువా’ అని తల్లీబిడ్డల గురించి అంటాము. తీగ వరకు ఆ మాట నిజమే, సొరతీగ ఎన్ని కాయలనైనా మోస్తుంది. పందిరి సంగతి మాత్రం సామెత చెప్పలేదు. ప్లాస్టిక్ తాళ్లతో కట్టిన పందిరి గాలివానకు కాయలతో సహా పొరుగువారి నీళ్ల ట్యాంకు మీద వాలినప్పుడు వారికి ఈ సామెత వినిపించకపోవడమే మంచిది. ఇక సొరకాయ కోతల గురించి వేరే చెప్పాలా? మొక్కలవారి వాట్సాప్ బృందాల్లో అవి ఏడాది పొడుగునా కాస్తూనే ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా నచ్చినది ‘మునగచెట్టు ఎక్కించడం’. పొగిడి ఉబ్బించడానికి మర్రినో మామిడినో కాక మునగనే ఎందుకు ఎంచుకున్నారో, ఒకసారి ఆ కొమ్మ పట్టుకొని వంచి చూసినవారికి తెలుస్తుంది: మెత్తని కలప, పుటుక్కున విరుగుతుంది. అందుకే మునక్కాడలను చెట్టెక్కి కోయరు, కింద నిలబడి దోటితో లాగుతారు. పొగడ్తకు పొంగినవాడు ఎంత ఎత్తుకు వెళ్తే అంత గట్టిగా పడతాడన్న వెటకారం ఇందులో ఉన్నది. అయితే విరిగిన ఆ కొమ్మనే తడిమట్టిలో పాతితే చిగురిస్తుందని పెంచేవారందరికీ తెలుసు. ఈ రెండో సగాన్ని ఎవరూ సామెతగా కట్టకపోవడం నాకు లోటుగానే తోస్తుంది.

‘పెరటి చెట్టు మందుకు రాదు’ అన్నదానికి వివరణ అక్కరలేదు. ప్రహరీ మీదుగా మునగకొమ్మలు వీధిలోకి వేలాడుతున్న ఇళ్లలోనే మునగాకు పొడి డబ్బాలు కొంటున్నారు.

‘రోహిణిలో రోళ్లు పగులుతాయి’ అన్నది కూడా చేర్చుకోవచ్చు. మే నెలాఖరులో ఇక్కడి మిద్దెల మీద రోళ్లు లేకపోయినా ప్లాస్టిక్ కుండీలు పగులుతున్నాయి గనుక, నీడవల ముందే కట్టుకోవాలని చెప్పడానికి ఇంతకన్నా చిన్న వాక్యం దొరకదు.

పాలమూరు, కరీంనగర్ వైపు పాదులు పెట్టేటప్పుడు పెద్దవాళ్లు అనే మాటలు ఎవరికైనా గుర్తుంటే, ఏ మొక్కను చూసి అన్నారో కూడా కలిపి ఇక్కడ రాయగలరు.