చెప్పకుండానే అర్థం చేసుకోవడాన్ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మాది హిందూపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. వచ్చే నెలకి అమ్మానాన్నల పెళ్లై 50 ఏళ్లు, పిలుపు కార్డు మీద వాళ్ల గురించి ఒక వాక్యం రాయాలి. వాళ్లు పెద్దగా మాట్లాడుకోరు. నాన్న పేపరు మడిచి దాని మీద కళ్లజోడు పెట్టారంటే అమ్మ లేచి కాఫీకి పాలు పెడుతుంది, అమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటే నాన్న వెళ్లి ఫ్యాను పెంచుతారు, ఇద్దరి నోటా ఒక్క మాట ఉండదు. దీనికి సరైన మాట కావాలి. నేను 'లోపాయికారీ అవగాహన' అని రాస్తే అన్నయ్య వద్దే వద్దన్నాడు, ఎందుకో మాత్రం చెప్పలేకపోయాడు. రేపు చిక్‌పేటలో అచ్చుకి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నయ్య మాట వినమ్మా. లోపాయికారీ అంటే పైకి ఒకటి చెబుతూ చాటుగా కుదుర్చుకునేది, ఎన్నికలప్పుడు ఆ రెండు పార్టీలకీ లోపాయికారీ ఒప్పందం ఉందంటారే, అది. మీవాళ్లది చాటు వ్యవహారం కాదు కదా. నువ్వు వెతుకుతున్నదానికి దగ్గరి మాట 'ఇంగితం'. సంస్కృతం నుంచి వచ్చింది. మనసులో ఉన్న ఉద్దేశమూ ఇంగితమే, దాన్ని బయటపెట్టే చిన్న కదలికా ఇంగితమే. నాన్నగారు కళ్లజోడు తీసి పెట్టడం అచ్చంగా అదే.

మరొకరు: అర్థం సరిపోయింది కానీ కార్డు మీద ఆ మాట ఒంటరిగా వేయకండి. మన ఇళ్లలో అది ఎక్కువగా వినిపించేది 'ఆ మాత్రం ఇంగితం లేదా?' అని కోప్పడేటప్పుడే, ఇంగితజ్ఞానం అంటే ఇప్పుడు కామన్‌సెన్స్ అయిపోయింది. పైగా మీరుండేది బెంగళూరు. ఇక్కడి కన్నడ పేపర్లలో ఫలానా నాయకుడు 'ఇంగిత' వ్యక్తం చేశాడంటే తన కోరికో ఉద్దేశమో బయటపెట్టాడని. తమిళంలో 'ఇంగితం' తెలియనివాడంటే మర్యాద, సమయం సందర్భం తెలియనివాడు. మూడు భాషలవాళ్లూ వచ్చే ఫంక్షన్‌లో మూడు అర్థాలు వస్తాయి. వాడాలనుకుంటే 'ఇంగితం గ్రహించి' అనండి, అప్పుడు తికమక ఉండదు.

అడిగినావిడ: 'మౌనం అర్ధాంగీకారం' అంటే కుదురుతుందా అండీ?

మొదట జవాబిచ్చినావిడ: కుదరదమ్మా, అది ఒప్పుకోలు గురించి, ఏదైనా అడిగినప్పుడు కాదనలేదంటే సరేనన్నట్టు. 'కనుసన్నల్లో మెలగడం' కూడా వద్దు, అందులో ఒకరి అదుపులో ఇంకొకరున్నట్టు వస్తుంది. తెలుగులో ఇలాంటిది నామవాచకంతో చెబితే బిగుసుకుపోతుంది, క్రియతో చెబితే హాయిగా ఉంటుంది. మనకి ఎప్పటినుంచో ఉన్నదే, మనసెరిగి మసలుకోవడం. కాకపోతే దాన్ని ఇన్నాళ్లూ ఆడపిల్లలకే చెప్పి పంపారు, 'మొగుడి మనసెరిగి మసలుకో' అని. మీ ఇంట్లో ఫ్యాను పెంచడానికి లేచేది నాన్నగారు. అందుకని రెండు వైపులా వచ్చేలా 'ఒకరి మనసు ఒకరెరిగి' అని రాయి.

అడిగినావిడ: 'ఒకరి మనసు ఒకరెరిగి, ఇద్దరూ కలిసి నడిచిన యాభై ఏళ్లు.' ఇలా పెట్టాను అక్కా. అన్నయ్యకి చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఇదే ఉంచమన్నాడు. ఎరిగిలో మామూలు రా వేయాలా, బండి రా వేయాలా?

మొదట జవాబిచ్చినావిడ: పాత పుస్తకాల్లో 'ఎఱిగి' అని బండి రాతోనే ఉంటుంది, ఇప్పుడు అందరూ మామూలు రా వాడుతున్నారు, అదే వేయించు. 'ఒకరెరిగి' కలిపే ఉండాలి, అచ్చువాళ్లు విడగొట్టకుండా ప్రూఫ్ ఒకసారి నువ్వే చూసుకో.