‘సిరికిం జెప్పఁడు’ పద్యంలో ‘వీడఁడు’ అంటే?

ప్రశ్న: పోతన గజేంద్రమోక్షంలో, మొసలికి చిక్కిన ఏనుగు మొర విని విష్ణువు సిరికి (లక్ష్మికి) చెప్పకుండా, శంఖచక్రాలు పట్టకుండా, పరివారాన్ని పిలవకుండా, గరుడుణ్ణి సిద్ధం చేయించకుండా, చెవుల మీది జుట్టు సర్దుకోకుండా బయల్దేరే ఈ పద్యంలో ‘చేలాంచలమైన వీడఁడు’ (చేలాంచలం: లక్ష్మి పైటకొంగు) అన్నచోట విష్ణువు కొంగు వదిలాడనా, వదల్లేదనా? ‘చీరఁడు’కి చీరతో ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: వదల్లేదండీ. ‘ఐన’ అంటే ఇక్కడ ‘కనీసం అదైనా’ అని. కొంగైనా వదలడు. ‘చీరు’ అంటే పిలుచు. చీరకీ దానికీ సంబంధం లేదు. ‘పన్నింపఁడు’ అంటే సిద్ధం చేయించడు. అభ్రగపతి గరుత్మంతుడు; అభ్రగం అంటే ఆకాశంలో తిరిగేది, పక్షి. చివరి సమాసం ‘గజప్రాణావనోత్సాహి’ని గజప్రాణ + అవన + ఉత్సాహి అని విడదీయాలి. అవనం అంటే కాపాడటం. ‘వనం’ అని విరిచి అడవిని తెచ్చిపెట్టే వ్యాఖ్యానాలు తప్పు.

మరొకరు: అర్థం సరే, పద్యం పట్టు ఆరో క్రియలో ఉంది. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు: ఈ అయిదింటితో ఒక్కొక్కటీ వెనక ఉండిపోతుంది. ‘వీడడు’తో మాత్రం ఒకటి వెంట వస్తుంది. కొంగు చేతిలో ఉంటే కొంగు గల ఆవిడ ఆగుతుందా? అందుకే ఒక వచనం (గద్యభాగం) దాటగానే వచ్చే పద్యాన్ని ‘తన వెంటన్ సిరి’ అని ఎత్తుకున్నాడు. చెప్పని సిరి మొదట, ఆమె వెంట అంతఃపుర స్త్రీలు, ఆ వెనక పిలవని పక్షీంద్రుడు, ఆయన పక్కన పట్టని శంఖచక్రాలు. ‘లేదు’ అన్న జాబితానే ‘వచ్చె’ అని తిప్పి ఊరేగింపు చేశాడు. ఇది పోతన సొంతం. వ్యాసుడి సంస్కృత భాగవత శ్లోకంలో (8.3.31) హరి చక్రాయుధుడై గరుడుడి మీదే వస్తాడు, హడావిడి లేదు.

ప్రశ్న: అయితే ఆయుధం లేకుండా వెళ్ళాడని శ్రీనాథుడు ఎగతాళి చేశాడనీ, పోతన బావిలో రాయి వేసి ‘మీ అబ్బాయి పడ్డాడు’ అని పరుగెత్తించాడనీ చెప్తారే?

జవాబు: చాటుకథ. బాగుంటుంది గానీ పద్యానికి ఆ సాయం అక్కర్లేదు. చక్రం వెనకాలే వస్తోంది కదా! మకరి తల తెగింది దానితోనే.

ఇంకొకరు: చదివేవాళ్ళకో మాట. ఇది మత్తేభ వృత్తం, యతి (పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు) 14వ అక్షరం: సి–జే, ప–బ, త–ద, ప–ప్రా. యతి దగ్గర ఊపిరి తీస్తే ‘గజ’ ఒకవైపు, ‘ప్రాణ’ ఒకవైపు పడతాయి. ‘వీడఁడు’ దగ్గర ఆగి, సమాసమంతా ఒక్క గుక్కలో చదవండి.