«ఆస్తులు జప్తు చేసిన ఈడీ»: ఇది ఏ జప్తు?

తాటాకు: ఈ శీర్షిక చూడగానే ఆస్తులు సర్కారుపరం అయిపోయాయనుకుంటాం. కింద వార్తలో మాత్రం «తాత్కాలిక అటాచ్‌మెంట్» అని ఉంటుంది. అటాచ్‌మెంట్‌కీ కాన్ఫిస్కేషన్‌కీ ఒకే మాటా?

కచేరీ: రెండింటికీ చాలా దూరం ఉందండీ. మనీ లాండరింగ్ నిరోధక చట్టం, 2002లో 5వ సెక్షన్ కింద తాత్కాలిక అటాచ్‌మెంట్ 180 రోజులు దాటకూడదు. ఉత్తర్వు ఇచ్చిన అధికారి 30 రోజుల్లో అడ్జుడికేటింగ్ అథారిటీ (అటాచ్‌మెంట్ నిలుస్తుందో లేదో తేల్చే సంస్థ) దగ్గర ఫిర్యాదు వేయాలి. అథారిటీ ఖరారు చేస్తే కోర్టులో కేసు నడిచినంతకాలం అటాచ్‌మెంట్ ఉంటుంది. విచారణ ముగిసి నేరం రుజువయ్యాక ప్రత్యేక కోర్టు 8(5) సెక్షన్ కింద కాన్ఫిస్కేషన్‌కు ఆదేశిస్తే ఆస్తి కేంద్రానికి దఖలు పడుతుంది. తాత్కాలిక దశలో ఆ ఇంట్లో కాపురం ఉండొచ్చు, 5(4) అడ్డు చెప్పదు. అమ్మకం, తాకట్టు, గిఫ్టు మాత్రం కుదరవు.

పాతమాట: తప్పు జప్తుది కాదు, శీర్షిక రాసినవారిది. అరబ్బీ «జబ్త్»కి పట్టి ఉంచడం, అదుపు అని అర్థం. మన సివిల్ కోర్టుల్లో ఇప్పటికీ జప్తంటే అటాచ్‌మెంటే, «తీర్పుకు ముందు జప్తు» అంటాం కదా. స్థిరాస్తి అయితే అమీనా వచ్చి టముకు వేయించి, ఉత్తర్వు ప్రతిని స్థలం దగ్గరా కోర్టు గోడకూ అంటిస్తాడు. భూమి ఎక్కడికీ పోదు. చరాస్తి అయితే సామాను పట్టుకుపోతారు. జనం కళ్లకు కనిపించేది ఈ రెండోదే కాబట్టి జప్తంటే లాక్కోవడమైపోయింది. హిందీ చట్టంలో అటాచ్‌మెంట్‌కు కుర్కీ, కాన్ఫిస్కేషన్‌కు అధిహరణ్ అని విడివిడి మాటలున్నాయి.

తాటాకు: బ్యాంకు ఖాతా ఫ్రీజ్‌కు ఏ మాట వాడాలి? «స్తంభన» అంటే ట్రాఫిక్ గుర్తొస్తోంది.

కచేరీ: డెబిట్ ఫ్రీజ్ అయితే డబ్బు పడుతుంది, బయటికి రాదు. «చెల్లింపుల నిలిపివేత» అంటే చాలు. ఖాతా పూర్తిగా ఆగితే «లావాదేవీల నిలిపివేత».

సబ్‌రిజిస్ట్రార్‌గుమ్మం: మాటకన్నా షెడ్యూల్లో (ఉత్తర్వులోని ఆస్తి వివరాల పట్టికలో) జరిగే పొరపాటు పెద్దది మాస్టారూ. ఉత్తర్వులో సర్వే నంబరు 145/2బి అని ఉంటే తెలుగు ప్రతిలో 145 అని వదిలేస్తారు. అది రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింది నిషేధిత ఆస్తుల జాబితాకెక్కితే ఆ నంబరులోని పక్క రైతు రిజిస్ట్రేషన్ కూడా ఆగుతుంది. సబ్‌డివిజన్, విస్తీర్ణం, నాలుగు హద్దులు, దస్తావేజు నంబరు, సంవత్సరం — ఏదీ కుదించొద్దు. కొనేవారు ఈసీతో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌తో) సరిపెట్టుకోకుండా ఆ జాబితా కూడా చూడాలి.

పాతమాట: నా లెక్కలో «తాత్కాలిక జప్తు», «జప్తు ఖరారు», చివరిదానికి «ప్రభుత్వపరం».

తాటాకు: మూడోది శీర్షికలో పట్టదంటారు డెస్కువాళ్లు.

పాతమాట: «కేంద్రపరం» అనమనండి, ఓ అక్షరం తగ్గుతుంది.