బాగ్దాద్ బజారులో సెనేటర్: కళ్ళారా చూశానంటే నమ్మాలా?

పిల్లకాకి
మా ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైన గొడవ, అక్కడ తేలక ఇక్కడ పెడుతున్నా. 2007 ఏప్రిల్ 1న అమెరికా సెనేటర్ జాన్ మెకెయిన్ బాగ్దాద్‌లో షోర్జా మార్కెట్ చుట్టొచ్చాడు. ఆ ఊళ్ళో కొన్ని పేటల్లో నిక్షేపంగా నడవొచ్చని అంతకు కొద్దిరోజుల ముందే రేడియోలో అన్నాడు, అందరూ నవ్వారు. వెంట ఇంకో సెనేటర్ లిండ్సే గ్రాహం, ఇండియానా రాష్ట్రం నుంచి గెలిచిన మైక్ పెన్స్ (తర్వాత ఉపాధ్యక్షుడయ్యాడే, ఆయనే). ఎండాకాలం మా ఇండియానాలో జరిగే మామూలు సంతలా ఉందన్నాడు పెన్స్. ఐదు డాలర్లకు ఐదు తివాచీలు కొన్నానని గ్రాహం మురిసిపోయాడు. తీరా చూస్తే ఒంటిమీద బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలు, చుట్టూ వందమందికి పైగా సైనికులు, పైన మూడు బ్లాక్‌హాక్, రెండు అపాచీ హెలికాప్టర్లు. తమ సైన్యం ఆక్రమించిన ఇరాక్‌ను ఇలా చూసొచ్చి 'బాగుపడుతోంది' అంటే ఆ మాటకు విలువెంత?

ఇందూరోడు
సున్న.

డాలస్ శాస్త్రి
వెళ్ళకపోతే ఏసీ గదిలో కూర్చుని మాట్లాడుతున్నారంటారు. వెళ్తే నాటకమంటారు. మరేం చెయ్యాలి? మెకెయిన్ వియత్నాంలో ఐదున్నరేళ్ళు చెరలో మగ్గిన మనిషి, యుద్ధమంటే ఏమిటో ఆయనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అదనపు బలగాలు పంపమని ఎప్పట్నుంచో మొత్తుకుంది ఆయనే, 2007 జనవరిలో అధ్యక్షుడు బుష్ ఒప్పుకున్నాడు. 2008 నాటికి హింస బాగా తగ్గిందా లేదా? ఇంకో మాట, 'ఆక్రమణ' అనడమే తప్పు. 2004 జూన్ 28న అధికారం ఇరాకీలకు అప్పగించేశారు.

వేపచెట్టు
తాళంచెవులు ఇచ్చారు. మనుషులు మాత్రం హాల్లోనే పడుకున్నారు.

ఏలూరు తివాచీ
నాకో అనుమానం. ఐదు డాలర్లకు ఐదు ఎలా వచ్చాయండీ? మాది మూడు తరాల వ్యాపారం. ఆ లెక్కన నూలు ఖర్చు కూడా రాదు. ఏ సైజువి?

ఇందూరోడు
శాస్త్రిగారూ, ఆ ఫిబ్రవరి 12న గదే షోర్జాల కారుబాంబులు పేలి డెబ్బై మందికి పైగా సచ్చిన్రు. రెండు నెలలు నిండకముందే ఈయన పోయి సంత లెక్క ఉన్నదని చెప్పించిండు. ఆయన పోయినంక అంగళ్ళోల్లు పత్రికలోల్లకు ఏం చెప్పిన్రో తెల్వదా? గీ బందోబస్తు రోజూ మాకు ఉంటదా అన్నరు. తర్వాత టీవీ ఇంటర్వ్యూల ఆయనే మాట తప్పుగ దొర్లిందని ఒప్పుకున్నడు.
హింస తగ్గింది, కాదంటలేను. ఎట్ల తగ్గింది? పడమటి దిక్కు అన్బర్ రాష్ట్రంల సున్నీ తెగలు అల్ ఖైదా మీద తిరగబడ్డయి. 2007 ఆగస్టుల షియా నాయకుడు ముక్తదా అల్ సదర్ తన సాయుధ మనుషుల్ని ఆపిండు. అప్పటికే బాగ్దాద్ల సున్నీ పేట, షియా పేట వేరువడి నడుమ కాంక్రీటు గోడలు లేసినయి. అన్నదమ్ములు నడుమ గోడ కట్టుకుంటే గూడ కొట్లాట తగ్గుతది. ఇల్లు బాగువడ్డట్టా?

డాలస్ శాస్త్రి
ఆ తెగలకు అండగా నిలబడ్డదెవరు? జీతాలిచ్చిందెవరు? 2011 చివర్లో అమెరికా సైన్యం వెనక్కి వచ్చేసింది, 2014 జూన్‌లో మోసుల్ నగరం ఐసిస్ ఉగ్రవాదుల చేతిలో పడింది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది?

వేపచెట్టు
కట్టు విప్పగానే పుండు అలాగే ఉందని.

ఏలూరు తివాచీ
ఎవరూ జవాబివ్వలేదు. నేనే ఆలోచించా. చుట్టూ వంద తుపాకులుంటే ఏ కొట్టువాడు బేరమాడతాడు? ఎంతిస్తే అంత పుచ్చుకుని, వాళ్ళు త్వరగా వెళ్తే చాలనుకుంటాడు. మా షాపుకి ఒకసారి ఓ పెద్దాయన గన్‌మెన్లతో వచ్చాడు. ఆ రోజు మా నాన్న లాభం మాట దేవుడెరుగు, బిల్లే రాయలేదు.

ఇందూరోడు
గిది మాట! ఇగ నా ముచ్చట ఇనుండ్రి. మా బావ 2005ల కువైట్ల వంటపని అని ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టిండు. ఆడ దిగినంక పాస్‌పోర్టు గుంజుకొని ఇరాక్‌ల అమెరికా క్యాంపుకు తోలిన్రు. మన సర్కారు ఇరాక్ పోవద్దన్న రోజులవి. ఎవరన్న పెద్దమనిషి వస్తుండంటే ముందురోజు రాత్రంత బల్లలు, గిన్నెలు తోమిచ్చేటోల్లట. తెల్లారి వీళ్ళను వెనక డేరాలకు పొమ్మనేటోల్లు. వచ్చినాయన తిని, ఫొటో దిగి, భేష్ అని పోయేటోడు. గా భేష్ ఎవరికి?

డాలస్ శాస్త్రి
మీ ఏజెంటు మోసం చేస్తే దానికి మెకెయిన్ బాధ్యుడా? ఇష్టం లేకపోతే తిరిగి రావాల్సింది. జీతం మాత్రం తీసుకున్నారుగా.

ఇందూరోడు
పాస్‌పోర్టు లేనోడు ఎట్లొస్తడు సారూ, ఈదుకుంటనా? అవును, తీసుకున్నడు. మా అక్క ఇల్లు ఆ పైసలతోనే లేసింది. మీరు ఎత్తిపొడిచే పని లేదు, నేనే చెప్తున్న. ఆ ఇంట్ల కూసుంటే నాకే మంచిగనిపియ్యది.

మోడరేటర్
ఇద్దరూ తగ్గండి. ఇళ్ళలోకి వెళ్ళొద్దు.

గోదారి గట్టు
ఇంతసేపూ చదివి ఊరుకున్నానండి. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన కాటన్ దొర పటం ఉంటుందండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసింది కంపెనీ సైన్యంలో ఇంజనీరే కదా. పరాయివాడు చేసిన మంచి మంచి కాదంటే నేను రోజూ అన్నం ఎలా తినాలండి?

డాలస్ శాస్త్రి
నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే! చేసింది ఎవరని కాదు, ఏం చేశారన్నది చూడండి.

ఇందూరోడు
ఏం చేసిన్రని ఎవరు చెప్పాలె? నీళ్ళు పారినయా లేదా కాల్వ కిందున్న రైతు చెప్తే ఇంట. లండన్ సభల కూసున్నోడు చెప్తే ఎందుకినాలె? శిస్తు గూడ ఆల్లకే పాయె.

డాలస్ శాస్త్రి
రైతే చెబుతున్నాడు కదయ్యా ఇక్కడ!

గోదారి గట్టు
చెప్తున్నానండి, కాని ఆ నీళ్ళు ఐదు తరాలు తాగాక చెప్తున్నాను. దొర ఉన్నప్పుడు మా ముత్తాతల్ని ఎవరైనా అడిగారో లేదో నాకు తెలీదు. పైగా దొర తవ్వించిన కాల్వల్లో ఇప్పటికీ నీళ్ళు పారుతున్నాయండి. షోర్జాలో ఆ పూట హెలికాప్టర్లు వెళ్ళిపోయాక ఏం మిగిలింది, చెప్పండి?

డాలస్ శాస్త్రి
(రెండు గంటల తర్వాత) సరే, చెబుతాను. మా పెద్దవాడు ఆర్మీలో చేరాడు. మేం వద్దన్నా చేరాడు. ఇరాక్‌లో పదిహేను నెలలు ఉన్నాడు. ఆ నెలల్లో ఫోన్ మోగితే వాళ్ళమ్మ ఎత్తేది కాదు, నన్ను ఎత్తమనేది. అందుకే ఎవడైనా వెళ్ళొచ్చి బాగుపడుతోందని చెబితే ఆ రాత్రి మేం పడుకునేవాళ్ళం. హెలికాప్టర్లెన్నో లెక్కపెట్టలేదు. మీరంతా తేలిగ్గా సున్న అంటుంటే నాకు మెకెయిన్ గుర్తురాడు.

వేపచెట్టు
…

ఇందూరోడు
గీ మాట మొదాలే చెప్పొద్దా సారూ. నా సున్న ఆ సెనేటర్‌కు, మీ కొడుక్కు కాదు. అయినా నా మాట మారది. మీరు పండుకునేతందుకు చెప్పిన మాట బాగ్దాదోల్లను పండుకోనియ్యలే.
పిలగాడు ఎక్కడ ఉండె?

డాలస్ శాస్త్రి
తిక్రిత్ దగ్గర. క్షేమంగానే వచ్చాడు, ఎక్కువ మాట్లాడడు. క్యాంపులో భోజనం మాత్రం బాగుండేదని అప్పట్లో ఫోన్‌లో చెప్పేవాడు.

ఇందూరోడు
వండింది మావోల్లే.